మోరి గొంతు ఎక్కడ పోయింది?
క్యాసెట్ నుంచి వాట్సాప్ దాకా మన పాట నడిచిన దారి

ఈ సంచిక కోసం మేము పాటలు సేకరించడం మొదలుపెట్టినప్పుడు ఒకే థింసా పాట మూడు చోట్ల నుంచి మూడు ఫైళ్లుగా వచ్చింది. ఒకటి సుమారు అర ఎంబీ. రెండోది మూడు ఎంబీలకు కాస్త తక్కువ. మూడోది పద్నాలుగు ఎంబీలు దాటింది, పేరు చివర ‘320’ అని కూడా ఉంది. పాట నిడివి మాత్రం మూడింటిలోనూ ఆరు నిమిషాలే. పెద్ద ఫైలే మంచిదనుకుని సబ్బవరంలో మన పిల్లలకు దాన్నే వినిపించి నేర్పించాం. తీరా చూస్తే అన్నింటికన్నా పాడైపోయింది అదే. ఎందుకలా జరిగిందో తెలుసుకోవాలంటే మన పాట చరిత్రను కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి.

కాగితం కాలం

మన పాటలు పుస్తకాల్లో పుట్టినవి కావు. మన మాటలను కాగితం మీద పెట్టిన పెద్దలు మాత్రం ఉన్నారు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకున్నారు. 1931లో ఆ భాషకు వ్యాకరణ గ్రంథాన్ని, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించారు. కొండదొరల కూబి భాష మీద భద్రిరాజు కృష్ణమూర్తి గారి గ్రంథం 1969లో వచ్చింది. ఆ పుస్తకాల వల్ల మాట నిలిచింది. రాగం, తుడుము దెబ్బ, మోరి మోత మాత్రం కాగితం మీదికి ఎక్కలేదు. వాటిని పట్టుకోవడానికి టేపు కావలసి వచ్చింది.

టేపు కాలం

1963లో విశాఖపట్నంలో ఆకాశవాణి కేంద్రం మొదలైంది. అదే ఏడాది బెర్లిన్‌లో ఫిలిప్స్ సంస్థ చిన్న క్యాసెట్‌ను లోకానికి చూపింది. రేడియో స్టేషన్‌కు వెళ్లలేని మన వాళ్ల చేతికి రికార్డింగును తెచ్చింది ఆ క్యాసెట్టే. ఇటుకల పండగకు ఊరికి వెళ్లి టేప్ రికార్డర్ గడప మీద పెట్టి పెద్దల పాటలు పట్టుకొచ్చిన ఇళ్లు మనలో ఉన్నాయి. ఉక్కు ఫ్యాక్టరీ పనులకు, ఓడరేవు పనులకు కొండ దిగి వచ్చి పెందుర్తి, సబ్బవరం పక్కన స్థిరపడిన కుటుంబాలకు సాయంత్రం పూట ఊరు వినిపించేది ఆ టేపులోనే.

క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు ఎక్కించినప్పుడల్లా ‘స్‌...’ అనే మోత పెరిగేది. అరిగిందని చెవికే తెలిసేది. తర్వాత వచ్చిన కాలంలో అరుగుదల ఉంది గానీ అది అంత తేలిగ్గా తెలిసేది కాదు.

కుదింపు కాలం

సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి రాస్తారు. అలా రాస్తే ఆరు నిమిషాల పాటకు 63 ఎంబీలు పడుతుంది. అప్పటి కంప్యూటర్లకు అది మోయలేని బరువు. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ బృందం, మరికొందరు పరిశోధకులు కలిసి దీనికి ఉపాయం కనిపెట్టారు. పెద్ద శబ్దం పక్కన ఉన్న చిన్న శబ్దాన్ని మన చెవి పట్టించుకోదు. అలా వినబడనిదాన్ని వదిలేస్తే ఫైలు చిన్నదవుతుంది. ఈ పద్ధతికి 1995లో ‘ఎంపీత్రీ’ అని పేరు పెట్టారు.

ఇంకో దారిలో సెల్‌ఫోన్ల కోసం ఏఎంఆర్ అనే పద్ధతి వచ్చింది. ఇది మనిషి మాట కోసం చేసినది. దాని మామూలు రకం శబ్దాన్ని సెకనుకు 8,000 సార్లే కొలుస్తుంది. కాబట్టి 4,000 హెర్ట్జ్‌లకు పైనున్న ధ్వని అందులో ఉండదు. మోరి గొంతులోని పదును, ‘స’, ‘శ’ అక్షరాల గాలి మోత చాలావరకు ఉండేది అక్కడే. ఆ తర్వాత 2012లో ఓపస్ అనే పద్ధతి ప్రమాణంగా వచ్చింది. ఈనాటి వాట్సాప్ వాయిస్ సందేశాలు అందులోనే నడుస్తున్నాయి.

జల్లెడ మీద జల్లెడ

ఇవన్నీ ఒక రకంగా జల్లెడలే. చోడి పిండిని ఒక జల్లెడలో పట్టాక, మిగిలినదాన్ని ఇంకో కన్నం జల్లెడలో పోస్తే మొదట పోయినది తిరిగి రాదు, ఇంకొంత పోతుంది. ఎంపీత్రీని ఏఎంఆర్‌గా మార్చేటప్పుడు కంప్యూటర్ ముందు దాన్ని విప్పి మామూలు శబ్దంగా చేస్తుంది, తర్వాత కొత్త పద్ధతిలో మళ్లీ కుదిస్తుంది. మొదటి కుదింపు వదిలేసినది అక్కడ ఉండదు. పైగా మొదటి కుదింపులో పుట్టిన లోపాలను రెండోది పాటలో భాగమే అనుకుని దాచిపెడుతుంది.

దెబ్బ వాద్యాలకు ఈ బాధ ఎక్కువ. తక్కువ రేటు ఎంపీత్రీలో డప్పు దెబ్బ పడేముందే దాని నీడలాంటి చిన్న గరగర వినబడుతుంది. దెబ్బ పదును పోయి మొద్దుబారుతుంది. ఏఎంఆర్ ప్రతి శబ్దాన్నీ మనిషి గొంతులా ఊహించి రాస్తుంది కనుక తుడుము, డప్పు, కిరిడి కలిసి మోగితే ముద్దగా మారిపోతాయి.

మా మూడు ఫైళ్ల కథ

మూడు ఫైళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో ఇంటింటికీ వెళ్లి అడిగాం. మొదట ఒక క్యాసెట్ ఉండేది. దాన్ని ఎవరో కంప్యూటర్‌లోకి 64 కిలోబిట్ల ఎంపీత్రీగా ఎక్కించారు. అదే మూడు ఎంబీలకు కాస్త తక్కువ ఉన్న ఫైలు. తర్వాత చిన్న ఫోనులో పట్టాలని సెల్ షాపులో దాన్ని ఏఎంఆర్ చేయించారు. అది అర ఎంబీకి తగ్గింది. ఆ అర ఎంబీనే ఇంకొకరు ‘క్వాలిటీ పెంచుదాం’ అని 320 కిలోబిట్ల ఎంపీత్రీగా మార్చి మాకు పంపారు. పద్నాలుగు ఎంబీలలో ఉన్నది అర ఎంబీ సరుకే. చిన్న బిందెలో నీళ్లు పెద్ద బానలో పోస్తే నీళ్లు పెరుగుతాయా?

ఎవరి తప్పూ లేదు. అందరూ పాట మీద ప్రేమతోనే చేశారు. ఆ క్యాసెట్ ఒక ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున దొరికింది. మంచి డెక్‌లో పెట్టి, 48,000 కొలతలతో, 24 బిట్లతో, ఏ కుదింపూ లేకుండా ఎక్కించుకున్నాం. శబ్ద భాండాగారాలకు అంతర్జాతీయంగా సూచించే కనీస కొలత అదే. ఆరు నిమిషాలకు వంద ఎంబీలు దాటింది.

అందరం కూర్చుని విన్నాం. మోరి తిరిగి వచ్చింది. పాడిన పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఆమె ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది. మన పిల్లలు ఇన్నాళ్లూ ఆ పాటలో ‘మామ’ అని పాడుతున్నారు. పెద్దమ్మ పాడింది ‘సామ’ అని. కొండ మీద పండే సామ పంట గురించి పాడిన పాట మా వీధికి వచ్చేసరికి మేనమామ పాట అయిపోయింది. మాట రాని ఫైలు నుంచి నేర్చుకున్న పిల్లలను ఏమనగలం? వాళ్లు తమకు తెలిసిన మాటను ఆ ఖాళీలో పెట్టుకున్నారు.

తెలుగు పాటకే ఇలా జరిగితే మన సొంత భాషల పాటల సంగతి ఆలోచించండి. సవరలో గొంతు దగ్గర క్షణం ఆగి పలికే ధ్వని ఉంది. అలాంటి ధ్వని చెదిరిపోతే సరిదిద్దగలిగే పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు.

మనం పాటించవలసినవి

పాత ఎంపీత్రీలను కొత్త పద్ధతిలోకి మార్చాలని తొందరపడకండి. ఎంపీత్రీ పేటెంట్ల లైసెన్సు వ్యవహారం 2017లోనే ముగిసింది. దాన్ని ఇప్పుడు అందరూ స్వేచ్ఛగా వాడుకోవచ్చు.

మార్చక తప్పకపోతే మీ దగ్గరున్న వాటిలో మొదటి తరం ఫైలు నుంచి మార్చండి. మార్చాక పాతదాన్ని చెరపకండి.

కొన్నిసార్లు మార్చవలసింది సరుకు కాదు, డబ్బా మాత్రమే. ఫోనులోని త్రీజీపీ ఫైలులో ఏఏసీ శబ్దం ఉంటే దాన్ని మళ్లీ కుదించకుండానే వేరే డబ్బాలోకి తీయవచ్చు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ పని చేస్తుంది.

వాట్సాప్‌లో పంపేటప్పుడు ‘డాక్యుమెంట్’గా పంపండి. వీడియోగా పంపితే అది మళ్లీ కుదిస్తుంది.

క్యాసెట్‌ను ఎక్కించిన తర్వాత కూడా పారేయకండి.

2022 ఏప్రిల్ 4న మన జిల్లాలు కూడా విడిపోయాయి. పాడేరు, అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, సబ్బవరం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. పాటకు ఆ హద్దు లేదు. మీ ఇంటి అటక మీద, పెట్టె అడుగున టేపు ఉంటే మాకు కబురు చేయండి, మేమే వస్తాం. ఈ ఏడు ఇటుకల పండగకు మన పిల్లలు ‘సామ’ అనే పాడతారు.