చిల్లర వర్తకంలో మొబైల్ చెల్లింపులు

భారతదేశంలో కిరాణా కొట్టు, టీ దుకాణం, కూరగాయల బండి వంటి చిన్న వ్యాపారాలవారు కొనుగోలుదారుల నుండి సొమ్మును సెల్‌ఫోను ద్వారా నేరుగా బ్యాంకు ఖాతాలోకి పుచ్చుకొనే పద్ధతిని మొబైల్ చెల్లింపు అంటారు. ఇందులో అత్యధిక భాగం ఏకీకృత చెల్లింపుల వ్యవస్థ, అనగా యూపీఐ ద్వారా జరుగుతున్నది. వ్యాపార నిర్వహణ శాస్త్రంలో సామాజిక మాధ్యమాలు, మొబైలు, క్లౌడ్, డేటా విశ్లేషణ అనే నాలుగు సాంకేతికతలను కలిపి స్మాక్ అని వ్యవహరిస్తారు. పెద్ద సంస్థలు వీటిని ప్రత్యేక సిబ్బందితోను, పెట్టుబడితోను ప్రవేశపెట్టుకున్నాయి. చిన్న వర్తకునికి మాత్రం ఇవి గల్లాపెట్టె పక్కన అంటించిన క్యూఆర్ కోడ్ కాగితంతో మొదలై ఒకదాని వెంట ఒకటిగా వచ్చినవి. కంప్యూటరు కొనవలసిన అవసరం లేకుండానే అతడు ఆధునిక బ్యాంకింగు వ్యవస్థలో భాగస్వామి అయినాడు. అదే సమయంలో, అంతకు ముందు తన చిట్టా పుస్తకంలో మాత్రమే ఉండిన వ్యాపారపు లెక్క ఇతరుల వద్దకు కూడా చేరినది. ఆ లెక్క ఆధారంగానే అప్పు పుట్టుట సులభమైనది. పన్ను నోటీసులు కూడా దాని ఆధారంగానే వచ్చినవి.

నేపథ్యం

దేశంలోని చిల్లర చెల్లింపుల వ్యవస్థలను ఒక గొడుగు కిందకు తెచ్చుటకు 2008లో భారత జాతీయ చెల్లింపుల సంస్థ (ఎన్‌పీసీఐ) ఏర్పడినది. ఈ సంస్థ 2010 నవంబరులో ఐఎంపీఎస్ అనే తక్షణ బదిలీ విధానాన్ని ప్రారంభించినది. దానికి కొనసాగింపుగా రూపొందిన యూపీఐని 2016 ఏప్రిల్ 11న నాటి రిజర్వు బ్యాంకు గవర్నరు రఘురామ్ రాజన్ ముంబైలో ఆవిష్కరించారు. అదే సంవత్సరం ఆగస్టు 25 నుండి బ్యాంకుల యాప్‌లు ప్రజలకు అందుబాటులోకి వచ్చినవి.

2016 నవంబరు 8న ప్రభుత్వం 500, 1000 రూపాయల నోట్లను రద్దు చేసినది. చెలామణిలో ఉన్న నోట్ల విలువలో ఇవి సుమారు 86 శాతం. చిల్లర దొరకక వ్యాపారాలు స్తంభించిన ఆ రోజులలో నగదు రహిత చెల్లింపులకు పెద్ద ఎత్తున ప్రచారం జరిగినది. డిసెంబరు 30న భీమ్ యాప్ విడుదలైనది. తెలంగాణలోని సిద్దిపేట జిల్లా ఇబ్రహీంపూర్ అదే కాలంలో నగదు రహిత గ్రామంగా పేరు పొందినది. అక్కడి ఏర్పాటు ప్రధానంగా డెబిట్ కార్డులు, స్వైప్ యంత్రాలపై ఆధారపడినది. యంత్రానికి బ్యాంకు వసూలు చేసే అద్దె చిన్న అంగడి లాభానికి మించిన భారం కావడంతో తరువాతి కాలంలో అక్కడి వర్తకులు యంత్రాలను తిరిగి ఇచ్చివేశారు. ప్రచారం ఎంత జరిగినా, ఖర్చు భరించలేని పద్ధతి చిన్న దుకాణంలో నిలువదని ఈ అనుభవం తెలుపుతున్నది.

పనిచేసే విధానం

దుకాణంలో అంటించిన క్యూఆర్ కోడ్‌ను 1994లో జపానుకు చెందిన డెన్సో వేవ్ సంస్థలో మసాహిరో హారా బృందం మోటారు విడిభాగాల గుర్తింపు కొరకు రూపొందించినది. దుకాణపు కోడ్‌లో వర్తకుని యూపీఐ చిరునామా, పేరు వంటి వివరాలు మాత్రమే ఉంటాయి. సొమ్ము గాని, రహస్య సంఖ్య గాని అందులో ఉండవు.

చెల్లింపు క్రమం ఈ విధంగా ఉంటుంది:

1. కొనుగోలుదారు తన ఫోనులోని యాప్‌తో కోడ్‌ను చదివించి, మొత్తం వేసి, పిన్ సంఖ్యను నమోదు చేస్తాడు.
2. ఆ ఆదేశం యాప్ సంస్థకు అనుబంధంగా ఉన్న బ్యాంకు ద్వారా ఎన్‌పీసీఐ కేంద్ర వ్యవస్థకు చేరుతుంది.
3. కేంద్ర వ్యవస్థ కొనుగోలుదారు బ్యాంకును అడిగి అతని ఖాతాలో సొమ్ము తగ్గింపజేస్తుంది.
4. తరువాత వర్తకుని బ్యాంకులో అంతే మొత్తం జమ చేయిస్తుంది.
5. ఇద్దరికీ సమాచారం అందుతుంది.

ఇదంతా సాధారణంగా కొన్ని సెకన్లలో ముగుస్తుంది. లెక్కింపు యావత్తు దూరాన ఉన్న సర్వర్లలో జరుగుతుంది కనుక వర్తకుని వద్ద యంత్రం ఏదీ అవసరం లేదు. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ సంఖ్యతో పనిలేదు. చెల్లించేవారు మాత్రమే దానిని వాడవలెను. ఈ తేడా తెలియకనే చాలామంది మోసాలకు గురి అవుతున్నారు.

వ్యాప్తికి కారణాలు

ఖర్చు లేకపోవడం: కార్డు చెల్లింపులలో బ్యాంకులు వర్తకుని నుండి కొంత శాతం రుసుము తీసుకొంటాయి. ఖాతా నుండి నేరుగా జరిగే యూపీఐ చెల్లింపులపైన, రూపే డెబిట్ కార్డులపైన ఈ రుసుమును ప్రభుత్వం 2020 జనవరి 1 నుండి తొలగించినది. బ్యాంకులకు, యాప్ సంస్థలకు కలిగే వ్యయంలో కొంత భాగాన్ని ప్రోత్సాహక పథకం ద్వారా తానే భరిస్తున్నది. 2024-25 సంవత్సరానికి చిన్న వర్తకులకు జరిగే 2,000 రూపాయల లోపు చెల్లింపులపై 0.15 శాతం చొప్పున చెల్లించుటకు 1,500 కోట్ల రూపాయలు కేటాయించినది.

ఒకే కోడ్: తొలినాళ్ళలో ఒక్కొక్క సంస్థ తన యాప్‌తో మాత్రమే పనిచేసే కోడ్‌ను ఇచ్చేది. దుకాణం ముందు నాలుగైదు కాగితాలు వ్రేలాడేవి. ఇటువంటి ప్రత్యేక కోడ్‌లను 2022 మార్చి 31 నాటికి అన్ని యాప్‌లకు పనికివచ్చే కోడ్‌లుగా మార్చవలెనని రిజర్వు బ్యాంకు 2020 అక్టోబరులో ఆదేశించినది.

పలికే పెట్టె: రద్దీ వేళలో ప్రతి చెల్లింపుకూ ఫోను చూసుకొనుట వర్తకునికి సాధ్యం కాదు. సొమ్ము జమ కాగానే మొత్తాన్ని బిగ్గరగా చదివే సౌండ్ బాక్సు ఈ ఇబ్బందిని తీర్చినది. ఇందులో విడిగా సిమ్ కార్డు ఉంటుంది. పాత చెల్లింపు చిత్రాన్ని చూపి మోసగించే వారిని ఇది చాలావరకు అరికట్టినది. చదువురాని వర్తకులకు, యజమాని లేని వేళ కొట్టులో కూర్చొనే పనివారికి ఇది ఎక్కువగా ఉపకరిస్తున్నది. తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో ఇది పలుకుతుంది. 2024లో ఫోన్‌పే సంస్థ తన పెట్టెలలో తెలుగు ప్రకటనలకు నటుడు మహేష్ బాబు స్వరాన్ని చేర్చినది.

ప్రభుత్వ పథకాలు: వీధి వ్యాపారుల కొరకు 2020 జూన్‌లో ప్రారంభమైన పీఎం స్వనిధి పథకం మొదటి విడతగా 10,000 రూపాయల రుణం ఇచ్చి, డిజిటల్ చెల్లింపులు పుచ్చుకొనేవారికి కొంత నగదు వాపసు కల్పించినది. 2025లో ఈ పథకాన్ని 2030 మార్చి వరకు పొడిగించి, మొదటి విడతను 15,000 రూపాయలకు పెంచారు. ఆదాయపు పన్నులో అంచనా పద్ధతిని ఎంచుకొన్న చిన్న వ్యాపారులకు నగదు అమ్మకాలపై 8 శాతం లాభంగా లెక్కిస్తే, బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకాలపై 6 శాతమే లెక్కిస్తారు.

అరువు ఖాతా, వాట్సాప్

చెల్లింపుల వెనుకనే ఇతర సాంకేతికతలు కూడా కొట్టులోకి ప్రవేశించినవి. ఖాతాబుక్, ఓకేక్రెడిట్ వంటి యాప్‌లు అరువు పుస్తకానికి ప్రత్యామ్నాయంగా వచ్చినవి. ఎవరు ఎంత బాకీ ఉన్నదీ ఇవి క్లౌడ్‌లో భద్రపరుస్తాయి. బాకీదారుకు సందేశం పంపుతాయి. మొగమాటం వలన నోటితో అడుగలేని బాకీని ఈ విధంగా గుర్తు చేయుట వర్తకులకు అనుకూలమైనది. ఫోను పోయినా లెక్క పోదు.

2018 జనవరిలో వాట్సాప్ సంస్థ చిన్న వ్యాపారాల కొరకు ప్రత్యేక యాప్‌ను విడుదల చేసినది. 2020 మార్చి 25 నుండి అమలైన లాక్‌డౌన్ కాలంలో ఎందరో వినియోగదారులు సరుకుల పట్టీని కాగితం మీద వ్రాసి, ఫొటో తీసి కిరాణా కొట్టుకు వాట్సాప్‌లో పంపారు. కొట్టువాడు సరుకులు కట్టి ఉంచుట, డబ్బు యూపీఐలో రావడం అప్పటినుండి పట్టణాలలో వాడుకగా మారినది.

వ్యాపారపు లెక్క: అప్పు, పన్ను

చిన్న వర్తకునికి బ్యాంకు అప్పు ఇవ్వకపోవుటకు ముఖ్య కారణం అతని అమ్మకాలకు వ్రాతపూర్వక ఆధారం లేకపోవడం. అందువలన వారు రోజువారీ వసూలు వడ్డీ వ్యాపారులను ఆశ్రయించేవారు. తెలంగాణలో ఈ అప్పులకు గిరిగిరి అని పేరు. యూపీఐ జమలు ఈ లోటును కొంత తీర్చినవి. జమల సరళిని చూసి ఆర్థిక సంస్థలు తాకట్టు లేకుండా చిన్న రుణాలు ఇస్తున్నాయి. కొన్ని సంస్థలు రోజు జమల నుండే కిస్తీని మినహాయించుకొంటాయి. ఖాతాదారు అనుమతితో అతని బ్యాంకు వివరాలను రుణదాతకు చేరవేసే అకౌంట్ అగ్రిగేటర్ విధానం 2021 సెప్టెంబరులో అమలులోకి వచ్చినది.

అదే సమాచారం పన్ను శాఖలకు కూడా ఆధారమైనది. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ 2021-22 నుండి జరిగిన యూపీఐ జమల ఆధారంగా వేలాది చిన్న వర్తకులకు నోటీసులు జారీ చేసినది. వస్తువుల అమ్మకం ఏడాదికి 40 లక్షల రూపాయలు దాటిననూ జీఎస్‌టీ నమోదు చేసుకోలేదని అభియోగం. బెంగళూరులో అనేక దుకాణాలవారు కోడ్ కాగితాలను తొలగించి, నగదు మాత్రమే తీసుకొంటామని వ్రాసి పెట్టారు. ఖాతాలో పడినదంతా అమ్మకం కాదని, బంధువులు పంపిన సొమ్ము, చేబదుళ్ళు కూడా అందులో ఉన్నాయని వారు వాదించారు. పాలు, తాజా కూరగాయలు వంటివాటిపై అసలు పన్నే లేదన్నది మరొక వాదన. జూలై 23న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వర్తక ప్రతినిధులతో సమావేశమై, నమోదు చేసుకొన్నవారి నుండి పాత బకాయిలు వసూలు చేయబోమని ప్రకటించారు.

ఈ విషయంలో తెలుగు వర్తకులు గమనించవలసిన భేదం ఒకటి కలదు. వస్తువుల అమ్మకంపై నమోదు పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు కాగా, తెలంగాణలో 20 లక్షలు. సేవలకు రెండు రాష్ట్రాలలోను 20 లక్షలే. సొంత ఖాతాను, వ్యాపార ఖాతాను వేరుగా ఉంచుకొనని వర్తకునికి ఏది అమ్మకమో, ఏది కాదో తరువాత రుజువు చేయుట కష్టమవుతుంది.

ఇబ్బందులు

అంతరాయాలు: లెక్కింపు ఇతరుల సర్వర్లపై ఆధారపడుట వలన, అవి ఆగినపుడు కొట్టులోని వర్తకుడు చేయగలిగినది ఏమీ ఉండదు. 2020 మార్చిలో యస్ బ్యాంకుపై మారటోరియం విధించగానే, ఆ బ్యాంకుపై ఆధారపడిన ఫోన్‌పే సేవలు ఆగిపోయినవి. 2025 మార్చి 26న, ఏప్రిల్ 12న దేశవ్యాప్తంగా యూపీఐకి అంతరాయం కలిగినది. సొమ్ము కొనుగోలుదారు ఖాతాలో తగ్గి వర్తకునికి చేరనపుడు, లావాదేవీ జరిగిన 5 రోజులలోగా తిరిగి జమ చేయవలెనని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు పరిహారం ఇవ్వవలెనని 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నిర్దేశించినది.

మోసాలు: అసలు కోడ్‌పై మరొక కోడ్ అంటించుట, నకిలీ చెల్లింపు చిత్రాలు చూపుట వంటివి జరుగుతున్నవి. సొమ్ము అడుగుతూ పంపే అభ్యర్థనల ద్వారా మోసాలు పెరిగినందున వ్యక్తుల మధ్య ఆ సదుపాయాన్ని 2025 అక్టోబరు 1 నుండి నిలిపివేశారు. మోసపోయినవారు 1930 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చును.

ఖాతా స్తంభన: ఎక్కడో దొంగిలించిన సొమ్ముతో ఎవరైనా సరుకు కొన్నపుడు, ఆ సొమ్ము జాడను అనుసరించి పోలీసుల సూచనపై వర్తకుని ఖాతాను బ్యాంకు నిలిపివేసిన సందర్భాలు ఉన్నాయి. తప్పు లేకున్నా ఖాతా విడుదల అయ్యేవరకు అతడు సరుకు తెచ్చుకోలేడు.

కేంద్రీకరణ: లావాదేవీలలో అత్యధిక భాగం ఫోన్‌పే, గూగుల్ పే అనే రెండు సంస్థల ద్వారానే జరుగుతున్నవి. ఏ ఒక్క సంస్థ వాటా 30 శాతం మించరాదన్న ఎన్‌పీసీఐ నిబంధన అమలు గడువును 2026 డిసెంబరు 31 వరకు పొడిగించారు.

విస్తృతి, నగదు

యూపీఐ నెలసరి లావాదేవీలు 2019 అక్టోబరులో 100 కోట్లు, 2023 ఆగస్టులో 1,000 కోట్లు, 2025 ఆగస్టులో 2,000 కోట్లు దాటినవి. 2025 ఆగస్టు నాటి లావాదేవీల విలువ సుమారు 24.85 లక్షల కోట్ల రూపాయలు. సంఖ్యలో సగానికి పైగా వర్తకులకు జరిగిన చెల్లింపులు కాగా, విలువలో వ్యక్తుల మధ్య బదిలీలే అధికం. టీ, కూరగాయల వంటి చిన్న మొత్తాలు ఎక్కువగా ఉండుటయే దీనికి కారణం. సాధారణ ఫోను ఉన్నవారి కొరకు 2022 మార్చిలో 123పే విధానాన్ని, పిన్ లేకుండా చిన్న మొత్తాలు చెల్లించుటకు అదే సంవత్సరం సెప్టెంబరులో యూపీఐ లైట్‌ను ప్రవేశపెట్టారు.

ఇంత విస్తరించినను నగదు తగ్గలేదు. నోట్ల రద్దుకు ముందు సుమారు 17.7 లక్షల కోట్ల రూపాయల నోట్లు చెలామణిలో ఉండగా, 2024 మార్చి నాటికి అవి సుమారు 34.8 లక్షల కోట్లకు చేరినవి. కోడ్ కాగితం అంటించిన కొట్టులోనే గల్లాపెట్టె కూడా కొనసాగుతున్నది. అంతరాయం కలిగిన రోజున, ఖాతా నిలిచిపోయిన రోజున వ్యాపారం నడిచేది ఆ పెట్టెతోనే.