బాలింత కంచము, బిడ్డ యాయువు

ముదినేపల్లి, గుడివాడ, కైకలూరు ప్రాంతములలో బిడ్డ పుట్టిన పది దినములవఱకు పేరు పెట్టు ఆచారము లేదు. పదునొకండవనాడు పురుడు వెళ్ళిన పిమ్మట, ఆనాడే గాని ఇరువదియొకటవనాడు గాని బారసాల జరిపి, చుట్టపక్కములందఱు చూచుచుండగా ఉయ్యాలలో వేసి, అప్పటికి గాని శిశువును పేరు పెట్టి పిలువరు. ధర్మశాస్త్రజ్ఞులు దీనికి జాతాశౌచమును, అనగా పురిటి మైలను, కారణముగా చెప్పుదురు. అది యట్లుండగా, నూఱేండ్లనాటి పురిటింటిని భావించినవారికి మఱియొక సంగతి స్ఫురింపక మానదు: ఆ పది దినములు గడచుటయే ఆనాటి బిడ్డకు మొదటి గండము. పశువులపాకకు చేరువనో, ఇంటి వెనుక గాలి చొరని చీకటి గదిలోనో పురుడు జరుగుచుండెను. మంత్రసాని చేతికందిన కొడవలితోనో వెదురుబద్దతోనో బొడ్డు కోసి, దానిపై బూడిదయో పేడయో అద్దెడిది. ధనుర్వాతపు క్రిమి యుండునది పేడయందును, పేడ కలసిన మన్నునందును గదా! వారము దాటునో లేదో బిడ్డ దవడలు బిగిసి, పాలు పట్టుట మాని, ఒడలు కొయ్యబారి కన్నుమూయగా, గ్రహము సోకినదని తాయెతులు కట్టిరే గాని కొడవలిని అనుమానించినవారు లేరు. ఎన్నో ప్రాణములను తమ చేతులతో నిలిపిన ఆ మంత్రసానులను నిందింప నాకు మనసొప్పదు. పురుడు పోయువారు ముందుగా చేతులు శుభ్రము చేసికొనవలెనని 1847లో వియన్నా నగరమున సెమ్మెల్వైస్ మొత్తుకొన్నప్పుడు, చదువుకొన్న తోటి వైద్యులే ఆయన మాటను త్రోసిపుచ్చిరి.

కృష్ణా డెల్టా క్రిందితట్టు గ్రామములలో తొలియేటి శిశుపోషణ ఏయే మార్పులు చెందినదో పరిశీలించుకొలది నాకు దృఢపడిన యభిప్రాయమొకటి కలదు. బిడ్డకు మనము పోసిన మందులకంటె, కట్టిన రక్షరేకులకంటె, జరిపిన వేడుకలకంటె, బాలింత తిన్న అన్నము, ఆమెకు దొరకిన విశ్రాంతి, ఆ యింటికి చేరిన నీరు, ఈ మూడే బిడ్డ యాయువును ఎక్కువగా నిర్ణయించినవి. ఈ సత్యము మన పూర్వులకు తెలియనిది కాదు. ఆయుర్వేదపు ఎనిమిది యంగములలో కౌమారభృత్యము ఒకటి. కాశ్యపసంహిత ప్రధానముగా దానికొఱకే వెలసినది. వాగ్భటుని అష్టాంగహృదయమున ఉత్తరస్థానము శిశువునకు చేయవలసిన ఉపచారములతోనే ఆరంభమగుచున్నది. తల్లిపాలు ఇంకిపోవుటకు శోకము, క్రోధము, లంఘనము, ఆయాసము కారణములని ఆయన చెప్పెను. ఏడిపింపబడిన తల్లికిని, పస్తున్న తల్లికిని, పనిచేసి యలసిన తల్లికిని పాలుండవని ఇంతకంటె స్పష్టముగా నేటి వైద్యగ్రంథములు మాత్రము చెప్పునా! ఆఱవ మాసమున లఘువైన అన్నము పెట్టుమని సుశ్రుతుడును, ఆఱవ మాసమున పండ్లతో మొదలిడి పదియవ మాసమునకు అన్నమునకు పొమ్మని కాశ్యపుడును ఉపదేశించిరి. ఆఱు నెలలవఱకు తల్లిపాలే చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో నిర్ణయించిన మాటకు మన అన్నప్రాశన ముహూర్తము ఎంత దగ్గఱగా నున్నదో చూడుడు.

అయినను పెద్దలు చెప్పినదంతయు శిరోధార్యము కాదు. మూడు నాలుగు రాత్రులు గడచినగాని తల్లికి పాలు ప్రవర్తిల్లవను భావముతో, అంతవఱకు తేనెయు నేయియు నాకింపుమని వాగ్భటుడు చెప్పెను. పల్లెలలో అది ముర్రుపాలను పిండి పాఱబోయు ఆచారముతో జతపడినది. పసుపుపచ్చని ఆ తొలిపాలలో రోగనిరోధకశక్తి యెంత దట్టముగా నుండునో యెఱిగిన నేటి వైద్యులు పుట్టిన గంటలోపలనే పాలు పట్టుమనుచున్నారు. తేనెలో నుండదగిన బొట్యులిజపు బీజములు పసిప్రేగులలో మొలచి విషమగును గనుక ఏడాది నిండువఱకు తేనె చుక్కయు వలదనుచున్నారు.

ఇక నీళ్ళుపోయు విద్య యున్నది. దానిని చూడవలెనన్న నేటికిని ఏ పల్లెకు పోయినను చూడవచ్చును. అమ్మమ్మ పీటపై కూర్చుండి, చీర మోకాళ్ళపైకి మడచి, కాళ్ళు చాచి, రెండు పిక్కల నడుమ బిడ్డను వెల్లకిల పరుండబెట్టి, నువ్వులనూనె అరచేత వెచ్చజేసి, అరికాలినుండి తొడకు, తొడనుండి వీపునకు మర్దించుచు, మాటలు రాని ఆ బిడ్డతో లోకాభిరామాయణమంతయు ముచ్చటించుచుండును. పిమ్మట పెసరపిండితో నలిచి, మోచేతితో నీటి వేడి పరీక్షించి, చెవులకు చేయడ్డము పెట్టి నీళ్ళు పోసి, బట్టతో తుడిచి, మాడున ఆముదపు బొట్టు పెట్టి, సాంబ్రాణి పొగ చూపును. ఆ మర్దనము, ఆ స్పర్శ, ఆ మాటలు బిడ్డ యెదుగుదలకు మేలుచేయునని నేటి శిశువైద్యులు సైతము ఒప్పుకొందురు. కాని ముక్కులో నూనె పిండుట, గొంతులో వ్రేలు పెట్టి తెమడ తీయుట, పొగ పట్టించుట మానవలసినవే. ఉగ్గుగిన్నెతో పోసిన ఆముదము పొరపాటున ఊపిరితిత్తులలోనికి దిగినచో నిమోనియా రావచ్చును. గాడిదను తోలుకొని వీధివీధి తిరిగి, గుక్కెడు పాలు పిండి అమ్ముకొనువారు నేటికిని కోస్తా గ్రామములలో అగపడుదురు. పచ్చివిగా త్రాగించెడి ఆ పాలలో మందు గుణముకంటె రోగభయమే యెక్కువ.

ఈ ఆచారములన్నిటికంటె డెల్టా శిశువుల చరిత్రలో పెద్ద యధ్యాయము బియ్యముది. బెజవాడయొద్ద కెప్టెన్ ఓర్ పర్యవేక్షణమున 1855లో ఆనకట్ట పూర్తియైన పిమ్మట, అంతకు ఇరువదేండ్ల ముందే 1832-33 నాటి నందన కరవున ఆకలితో మాడిన నేలకు కాలువనీరు చేరెను. మెట్టపైరులు వెనుకబడి వరి రాజ్యమేలెను. కొంతకాలమునకు గుడివాడ మొదలగు పట్టణములలో బియ్యపు మరలు వెలసెను. ఇంటింట రోకటిపోటుతో దంచుకొన్న దంపుడు బియ్యము బీదతనమునకు గుర్తయి, మల్లెపూవువంటి మరబియ్యము మర్యాదకు గుర్తయ్యెను. బియ్యపుగింజ పైపొరయందును మొలకయందును ఉండు బి1 విటమిను తవుడుతో పోయెను. మిగిలిన కొంత బియ్యము కడిగిన నీటితోను, వార్చిన గంజితోను కుడితితొట్టిలో చేరెను. గేదెకు దక్కిన సారము బాలింతకు దక్కలేదు. పైగా బాలింతకు పథ్యము! పప్పు, ఆకుకూర, పండు దరికి రానీయక, వెల్లుల్లి, కారము, నేయి తప్ప మఱేదియు వడ్డింపక, త్రాగు నీరు సైతము కొలిచి పోయుచుండిరి. లంఘనమువలన పాలు ఇంకిపోవునన్న వాగ్భటుని వాక్యమును గౌరవించు నేలయే ఆయన మాటకు విరుద్ధముగా నడచెను.

దీని ఫలము బెరిబెరి. కాళ్ళు తిమ్మిరెక్కి, నీరు పట్టి, గుండె నీరసించు ఈ వ్యాధి ఉత్తర సర్కారులలో పాతుకొని యుండెను. మెకారిసన్, నారిస్ పండితులు ఈ ప్రాంతపు బియ్యమునకును బెరిబెరికిని గల సంబంధమును పరిశోధించి 1924లో ప్రకటించిరి. తల్లి తిరుగాడుచునే యుండును. ఆమె పాలలో మాత్రము బి1 విటమిను చాలినంత ఉండదు. రెండవ నెలనుండి అయిదవ నెలలోపు, చూచుటకు బొద్దుగా నున్న బిడ్డయే హఠాత్తుగా పాలు కక్కి, ఎగరొప్పి, ఏడువబోయి గొంతు పెగలక, నోరు తెఱచినను శబ్దము రాక, కొన్ని గంటలలో ప్రాణము విడుచును. చప్పుడు లేని ఆ యేడుపు ఈ వ్యాధికి గుర్తు. ఎన్నియిండ్లలో దానిని బాలగ్రహమనియు, దృష్టిదోషమనియు తలంచి ఎఱ్ఱనీళ్ళు దిగదుడిచిరో! 1936లో థయమిన్‌ను కృత్రిమముగా తయారుచేయ నేర్చిన పిమ్మట, ఒక్క సూదిమందుతో చావబోవు బిడ్డ గంటలలో తేఱుకొనుట లోకము చూచెను. దక్షిణమున ఉప్పుడు బియ్యము తినువారిలో ఈ వ్యాధి అరుదుగా నుండెను. ధాన్యమును నానబెట్టి ఉడికించునప్పుడు సారము గింజలోనికి ఇంకుటయే దానికి హేతువు. మన డెల్టాలో పచ్చిబియ్యముపై గల మక్కువకు పసిబిడ్డలు వెల చెల్లించిరనుట కఠినమైన మాటయే గాని, అసత్యము కాదు.

ఈ దుఃఖము నాలుగు గోడలు దాటి బయటపడవలెనన్న, స్త్రీలు కూడి తమ బాధలు తాము మాటాడుకొనుటకు ఒక చోటు కావలసియుండెను. అట్టి చోటు బందరులోనే తొలుత ఏర్పడుట ఈ ప్రాంతమునకు గర్వకారణము. 1902లో భండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబ కలసి అక్కడ బృందావన స్త్రీ సమాజమును స్థాపించిరి. అచ్చమాంబకు కలిగిన కొడుకును కూతురును పసితనముననే పోయిరి. ఆమెయు ముప్పదియేండ్లకే 1905లో గతించెను. ఆమె తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారి కుమార్తె డాక్టరు కొమర్రాజు అచ్చమాంబ విజయవాడలో వైద్యము చేయుచు, ‘ప్రసూతి – శిశుపోషణ’ యను గ్రంథమును తెలుగున రచించి, 1957లో లోక్‌సభకు ఎన్నికయ్యెను. మేనత్త బిడ్డలను పోగొట్టుకొన్న ఇంట మేనకోడలు ఇతరుల బిడ్డలను బ్రతికించు శాస్త్రము చేపట్టుట తలంచినప్పుడెల్ల నా హృదయము కరగును. మంత్రసానులకు తర్ఫీదు నిచ్చుటకై 1903లో విక్టోరియా స్మారకనిధియు, 1924లో దేశమంతట శిశువారోత్సవములును, 1929లో బాల్యవివాహములను నిషేధించు శారదా శాసనమును వచ్చినవి గాని, పల్లెలోని పదునాలుగేండ్ల తల్లికి వాని ఛాయ చేరుటకు మఱి రెండు మూడు దశాబ్దములు పట్టెను.

టీకాల కథ అందఱెఱిగినదే గనుక క్లుప్తముగా చెప్పెదను. 1802లో బొంబాయిలో మశూచి టీకా మొదలయ్యెను. 1975 తరువాత దేశమున మశూచి లేదు. బి.సి.జి. టీకా ప్రయోగము 1948లో మన మదనపల్లెలోనే ఆరంభమైనది. సార్వత్రిక టీకా కార్యక్రమము 1985లో వచ్చినది. గర్భిణికి వేయు టీకావలనను, శుభ్రమైన బ్లేడువలనను పురిటి ధనుర్వాతము తొలగిపోగా, దానిని నిర్మూలించిన మొదటి రాష్ట్రముగా 2003లో ఆంధ్రప్రదేశ్ గుర్తింపు పొందెను. హైదరాబాదులో రూపొందిన రోటావైరస్ టీకా 2016లో తొలివిడతగా ఇచ్చిన రాష్ట్రములలో మనదియు నొకటి.

రోటావైరస్ అనగానే నీటి సంగతి రాక తప్పదు. కొల్లేటి చేరువను, దివిసీమలోను భూగర్భజలము ఉప్పన. కాలువ వదలినప్పుడు మంచినీళ్ళ చెఱువు నింపుకొని, వేసవిలో కాలువ కట్టివేసినప్పుడు ఆ నీటితోనే గడుపుకొనవలెను. పూర్వము చిల్లగింజ అరగదీసి బానలో కలిపి బురద తేర్చెడివారు. బురద పోయెను గాని క్రిములు పోలేదు. 1864 నవంబరు 1 నాటి రాత్రి ఉప్పెన బందరులో ముప్పదివేలమందిని పొట్టనుబెట్టుకొనెను; 1977 నవంబరు 19న దివిసీమలో పదివేలమందికి పైగా మరణించిరి. ఉప్పెన వెనుదిరిగిన పిమ్మట చెఱువులన్నియు ఉప్పునీటితోను కళేబరములతోను నిండి, బ్రదికిన బిడ్డకు త్రాగు నీరే కరవయ్యెను. 1971లో బంగ్లా శరణార్థి శిబిరమున దిలీప్ మహాలనబిస్ ఉప్పు, చక్కెర కలిపిన నీటితో అతిసారమును జయింపవచ్చునని చూపకపోయిన, ఆ తరువాతి కాలమున ఎందఱు పసివాండ్రు రాలియుందురో! నేడు ముదినేపల్లి, కైకలూరు చుట్టుప్రక్కల వరిచేలు చేపల చెఱువులైనవి. డబ్బు పెరిగినది గాని చెంతనున్న మంచినీళ్ళ చెఱువు చెడినది. నీరు కాచి చల్లార్చి పట్టవలెనను నియమమును, ఆఱు నెలలవఱకు పాలు తప్ప చుక్క నీరు కూడ వలదను నియమమును ఈ ప్రాంతపు తల్లులు మఱవరాదు.

1951లో దేశమున వేయి కాన్పులకు 146మంది ఏడాది నిండకుండ పోవుచుండిరని లెక్క; 2020నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 24కు దిగెను. ఇది సామాన్యమైన విజయము కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము రాష్ట్రమున నూటికి 96.5 పురుళ్ళు ఆసుపత్రులలోనే జరుగుచున్నవి. మొత్తము పురుళ్ళలో నూటికి 42.4 కోతకాన్పులగుట మాత్రము నన్ను కలతపెట్టును. కోత నొప్పితో ప్రక్కకు ఒత్తిగిల్లలేని తల్లికి మొదటి గంటలో పాలిచ్చుట కష్టమగును, ఆ సందున డబ్బాపాలు ప్రవేశించును. వాని ప్రచారమును 1992లోనే చట్టము నిషేధించినను, ‘పాలు చాలుట లేదేమో’ అని చుట్టములు పలుకు ఒక్క మాటయే ఆ ప్రచారపు పని చేయుచున్నది. మఱొక ప్రక్క, అమెరికాలో స్థిరపడిన కుమార్తెల పురుళ్ళకు గుడివాడ ప్రాంతపు తల్లులు ఆఱేసి నెలలు పోయివచ్చుట పరిపాటియైనది. బిడ్డను వెల్లకిలనే పరుండబెట్టవలెననియు, ప్రక్కన దిండ్లు దుప్పట్లు ఉంచరాదనియు అక్కడ నేర్చివచ్చిన అమ్మమ్మలు ఇక్కడి యిరుగుపొరుగువారికి బోధించుట మంచి పరిణామము.

అయితే విమానమెక్కి వచ్చు తల్లి లేని బాలింతలే మన గ్రామములలో ఎక్కువ. 2017లో సవరించిన ప్రసూతి చట్టము ఇరువదియాఱు వారముల సెలవునిచ్చినది గాని, నాట్లకును కలుపుతీతకును రొయ్యలశాలల దినకూలికిని పోవు తల్లులలో ఎక్కువమందికి అది అందనిదే. అంగన్‌వాడీ ఏడవ నెలనుండి బాలామృతపు పొట్లము ఇంటికి పంపును. బడిగా కూర్చుండబెట్టునది మూడేండ్లు నిండినవారినే. ఆఱు నెలలు దాటిన బిడ్డలను పగలంతయు చూచుకొను శిశుసదనములను అంగన్‌వాడీలకు చేర్చు ‘పాల్నా’ పథకము 2022లో వచ్చినది. నాట్ల కాలమున ఊరి ఆడువారందఱు చేలలో నుండునప్పుడు, గట్టుమీద చెట్టుకు కట్టిన చీరయుయ్యాలలో ఎనిమిదేండ్ల అక్క కాపలాగా పెరుగు బిడ్డలకు మొదట కావలసినది ఇట్టి సదనమే. దానిని కోరవలసినవారు తల్లులు మాత్రమే కారు, గ్రామపంచాయతి యంతయును.