మీ నాన్నగారు ఇక్కడే చదివారా?

అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాల దరఖాస్తులో ఒక గడి ఉంటుంది. మీ ఇంట్లో ఎవరైనా ఇక్కడ చదివారా అని అడుగుతుంది. పూర్వ విద్యార్థుల పిల్లలకు దక్కే ఆ మొగ్గును అక్కడ ‘లెగసీ’ అంటారు.

ఇదేమీ అనాదిగా వస్తున్న ఆచారం కాదు. ఒకప్పుడు తూర్పుతీరపు పెద్ద కాలేజీల్లో ప్రవేశ పరీక్ష గట్టెక్కి, ఫీజు కట్టగలిగితే సీటు దొరికేది. వలస వచ్చిన యూదుల పిల్లలు ఆ పరీక్షల్లో రాణించడంతో చిక్కొచ్చింది. వాళ్ల సంఖ్యకు హద్దు పెట్టాలని 1922లో హార్వర్డ్ అధ్యక్షుడు లోవెల్ పట్టుబట్టాడు. బాహాటమైన కోటాకు అధ్యాపకులు అడ్డుచెప్పారు. దాంతో మార్కుల సరసన ‘గుణగణాలు’, ఫొటో, తండ్రి వివరాలు వచ్చి కూర్చున్నాయి. సీట్లకు పెట్టిన పరిమితి, అర్హతలుంటే తమ పట్టభద్రుల కొడుకులకు అడ్డురాదని 1925లో యేల్ చెప్పింది. కొందరిని బయట ఉంచడానికి వేసిన గడియ ఇది. ఆ పుట్టుకను మరిచి దీన్ని కుటుంబ బంధమని ముద్దుగా పిలవడం నాకు మింగుడుపడదు.

ఎంబీఏ దగ్గర పరిస్థితి కొంత వేరు. అక్కడ ఉద్యోగానుభవం చూస్తారు. ఇప్పటి జీమ్యాట్‌కు మూలమైన పరీక్ష 1954 నుంచే ఉంది. కానీ బిజినెస్ స్కూల్లో చదువుతో పాటు దొరికేది పరిచయాలు. అవి పుట్టుకతోనే ఉన్నవాడికి దారి ముందే తెలుసు. 1908లో మొదలైన హార్వర్డ్ బిజినెస్ స్కూల్ రెండేళ్ల ఎంబీఏ మొదటి ఏడాదిలోకి ఆడవాళ్లను తీసుకున్నది 1963లో. చేరినవాళ్లు ఎనిమిది మంది. అందాకా అలాంటి గడిలో అమ్మ పేరు రాసుకునే వీలే లేదు.

జార్జ్ డబ్ల్యూ. బుష్ సంగతే చూడండి. తాత, తండ్రి, తను, ముగ్గురూ యేల్ పట్టభద్రులే. టెక్సస్ లా స్కూల్ కాదన్నాక హార్వర్డ్‌లో చేరి 1975లో ఎంబీఏ పూర్తిచేశాడు. హార్వర్డ్‌లో తండ్రి పేరు చెప్పుకునే పని లేకపోయినా, యేల్ పట్టా చేతిలో ఉంది. ఒక వాకిట్లో దొరికిన చనువు రెండో వాకిలిదాకా ఇలా తోడొస్తుంది. ఆ బుషే అధ్యక్షుడిగా ఉండగా, 2004లో, లెగసీ ఉండకూడదన్నాడు.

హార్వర్డ్ డిగ్రీ ప్రవేశాల మీద నడిచిన దావాలో లెక్కలు బయటపడ్డాయి. లెగసీ అభ్యర్థుల్లో దాదాపు మూడో వంతు మందికి సీటొస్తే, మిగతావాళ్లలో వందకు ఆరుగురికే వచ్చింది. 2024లో కాలిఫోర్నియా ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లోనూ ఈ పద్ధతిని నిషేధించింది.

మన దేశంలో 1961లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ సాయంతో పుట్టిన అహ్మదాబాద్ ఐఐఎం అక్కడి ‘కేస్’ బోధనా పద్ధతిని తెచ్చుకుంది, వారసుల మొగ్గును తెచ్చుకోలేదు. 1965 వలస చట్టం తర్వాత అమెరికా వెళ్లిన మన డాక్టర్లు, ఇంజినీర్లు ఉస్మానియాలోనో ఆంధ్రాలోనో చదివినవాళ్లు. వాళ్ల పిల్లలు ఆ గడిని ఖాళీగా వదిలేసి, మార్కులతోనే లోపలికి వెళ్లారు. ఇప్పుడు మనవల వంతు. వాళ్ల దరఖాస్తుల్లో ఆ గడి నిండుతోంది.