వీడియో క్యాప్షన్లు

వీడియో క్యాప్షన్లు అనగా వీడియోలో వినిపించే సంభాషణలను, ఇతర ధ్వనులను అదే సమయంలో తెరపై అక్షరరూపంలో చూపే పాఠ్యం. ఇవి సాధారణంగా తెర అడుగుభాగాన ఒకటి రెండు పంక్తులలో కనిపిస్తాయి. 1970వ దశకంలో బధిరుల కొరకు టెలివిజన్‌లో మొదలైన ఈ పద్ధతి, తరువాత అంతర్జాలంలోని పాఠాలకు, ఉపన్యాసాలకు, వార్తలకు, చలనచిత్రాలకు విస్తరించింది. వినికిడి లోపం గలవారికే కాక, భాష నేర్చుకొనేవారికీ ఇతర వీక్షకులకూ ఇవి ఉపయోగపడుతున్నాయి.

రకాలు

సబ్‌టైటిళ్ళకు, క్యాప్షన్లకు కొంత భేదం ఉంది. వీక్షకునికి శబ్దం వినిపిస్తుందని, భాష మాత్రమే తెలియదని భావించి సంభాషణలను అనువదించి చూపేవి సబ్‌టైటిళ్ళు. క్యాప్షన్లు సాధారణంగా మాట్లాడిన భాషలోనే ఉంటాయి. మాటలతోపాటు ఎవరు మాట్లాడుతున్నారో తెలుపుతాయి; తలుపు తట్టిన చప్పుడు, నవ్వు, నేపథ్య సంగీతం వంటి ధ్వనులను కూడా సూచిస్తాయి.

దృశ్యంలోనే కలిసిపోయి, తొలగించుటకు వీలులేని వాటిని ఓపెన్ క్యాప్షన్లు అంటారు. వీక్షకుడు కావలసినప్పుడు చూపించుకొని, అక్కరలేనప్పుడు ఆపివేయగల వాటిని క్లోజ్డ్ క్యాప్షన్లు అంటారు. వీటికి "సీసీ" అనే గుర్తు వాడుకలో ఉంది.

చరిత్ర

1972లో అమెరికాలోని బోస్టన్ నగరానికి చెందిన డబ్ల్యూజీబీహెచ్ కేంద్రం, జూలియా చైల్డ్ నిర్వహించిన "ది ఫ్రెంచ్ చెఫ్" అనే వంటల కార్యక్రమాన్ని ఓపెన్ క్యాప్షన్లతో ప్రసారం చేసింది. ఆ దేశంలో క్లోజ్డ్ క్యాప్షన్ల ప్రసారాలు క్రమం తప్పకుండా 1980 మార్చి 16 నుండి మొదలయ్యాయి. అప్పట్లో వీటిని చూడాలంటే టీవీకి వేరుగా డీకోడరు అనే పరికరం అమర్చుకోవలసి వచ్చేది. 1990లో చేసిన చట్టం ప్రకారం, 13 అంగుళాలు లేదా అంతకంటే పెద్ద తెర గల టీవీలలో ఈ డీకోడరు 1993 జూలై నుండి తప్పనిసరి అయింది.

యూట్యూబ్‌లో క్యాప్షన్లు జతచేసే సౌకర్యం 2008లో వచ్చింది. మాటలను గుర్తించి కంప్యూటరే క్యాప్షన్లు తయారుచేసే సౌకర్యం 2009 నవంబరులో, మొదట ఆంగ్లానికి ప్రవేశపెట్టబడింది. దీని రూపకల్పనలో గూగుల్ ఇంజనీరు, స్వయంగా బధిరుడైన కెన్ హారెన్‌స్టీన్ ముఖ్యపాత్ర వహించాడు.

పనిచేసే విధానం

క్లోజ్డ్ క్యాప్షన్లు సాధారణంగా వీడియోతోపాటు వేరొక పాఠ్య ఫైలుగా ఉంటాయి. ఎస్‌ఆర్‌టీ, వెబ్‌వీటీటీ అనేవి ఇందుకు వాడే రూపాలలో ముఖ్యమైనవి. ప్రతి వాక్యానికి ముందు అది తెరపైకి రావలసిన సమయం, తొలగవలసిన సమయం రాయబడి ఉంటాయి. ఈ ఫైలును సాధారణ టెక్స్ట్ ఎడిటర్‌లోనే రాయవచ్చు, సరిదిద్దవచ్చు. తెలుగు క్యాప్షన్లను యూనికోడ్ లిపిలో రాస్తారు.

ప్రయోజనాలు

వినికిడి లోపం గలవారికి: 2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో వినికిడి వైకల్యం గలవారు సుమారు 50.7 లక్షల మంది. క్యాప్షన్లు లేని పాఠం బధిర విద్యార్థికి కేవలం కదిలే పెదవులుగానే మిగులుతుంది. అయితే సంజ్ఞా భాష ప్రధాన భాషగా గలవారికి క్యాప్షన్లు మాత్రమే చాలకపోవచ్చు.

అక్షరాస్యతకు: పాట ఏ భాషలో ఉన్నదో అదే భాషలో దాని సాహిత్యాన్ని తెరపై చూపితే చదివే అలవాటు పెరుగుతుందనే ఆలోచనను 1996లో అహ్మదాబాదు ఐఐఎంకు చెందిన బ్రిజ్ కొఠారీ ప్రతిపాదించాడు. 1999లో దూరదర్శన్ గుజరాతీ పాటల కార్యక్రమం "చిత్రగీత్"లోనూ, 2002లో హిందీ "చిత్రహార్"లోనూ దీనిని అమలుచేశారు.

ఇతరులకు: రైలులోనో ఆసుపత్రిలోనో శబ్దం లేకుండా వీడియో చూడవచ్చు. పేర్లు, శాస్త్ర పదాలు ఎలా రాయాలో తెలుస్తుంది. పాఠ్యం ఉన్నందున గంట నిడివి గల ఉపన్యాసంలో కావలసిన మాటను వెదకడం, ఇతర భాషలలోకి అనువదించడం సులభమవుతాయి.

స్వయంచాలక క్యాప్షన్ల పరిమితులు

కంప్యూటరు తయారుచేసిన క్యాప్షన్లలో వ్యక్తుల పేర్లు, మాండలిక పదాలు, పరభాషా పదాలు కలిసిన సంభాషణలు తప్పుగా రావచ్చు. తెలుగులో ఒక్క అక్షరం మారినా అర్థం తారుమారు కాగలదు. ఉదాహరణకు, ఒక మందు గురించి వైద్యుడు "వాడవద్దు" అని చెప్పగా తెరపై "వాడవచ్చు" అని పడితే, విని సరిచూసుకోలేని వీక్షకుడు దానినే నమ్ముతాడు. కనుక ఇటువంటి క్యాప్షన్లను మనుషులు ఒకసారి సరిచూడడం అవసరం.

చట్టాలు, వివాదాలు

2010లో అమెరికా చేసిన చట్టం, టీవీలో క్యాప్షన్లతో ప్రసారమైన కార్యక్రమాలను అంతర్జాలంలో ఉంచినప్పుడు కూడా క్యాప్షన్లు ఉండాలని నిర్దేశించింది. బధిరుల జాతీయ సంఘం వేసిన దావా ఫలితంగా, 2014 నాటికి తన వీడియోలన్నిటికీ క్యాప్షన్లు చేర్చుటకు నెట్‌ఫ్లిక్స్ 2012లో అంగీకరించింది.

బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఉచితంగా ఉంచిన అనేక వీడియోలకు సరైన క్యాప్షన్లు లేవని 2016లో అమెరికా న్యాయశాఖ తేల్చింది. 2017లో విశ్వవిద్యాలయం 20,000కు పైగా వీడియోలను ప్రజలకు అందకుండా చేసింది. దీనివలన వినగలిగినవారు కూడా ఆ పాఠాలను కోల్పోయారు. పాఠాలు తయారుచేసేటప్పుడే క్యాప్షన్లు చేర్చాలనే వాదానికి ఈ ఉదంతం బలం చేకూర్చింది. ఉచిత వీడియోలను అందరికీ అందుబాటులో ఉండేలా రూపొందించుటకు 2022లో న్యాయశాఖతో విశ్వవిద్యాలయానికి ఒప్పందం కుదిరింది.

భారతదేశంలో వికలాంగుల హక్కుల చట్టం, 2016 లోని 42వ సెక్షను, ఎలక్ట్రానిక్ మాధ్యమాలలో క్యాప్షన్లు, సంజ్ఞా భాషా వ్యాఖ్యానం, శ్రవ్య వివరణ లభించేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని చెబుతుంది.

ఇవి కూడా చూడండి

వినికిడి లోపం
సంజ్ఞా భాష
యూనికోడ్