వాయిదా ముందు, గిరాకీ తర్వాత: కోవిడ్ కాలపు సర్కారు అప్పులు, హనుమకొండ చిరు వ్యాపారాలు

తెలంగాణలో బడులు, కాలేజీలు 2020 మార్చి 16న మూతపడ్డాయి. లాక్‌డౌన్ వచ్చింది మార్చి 22న. ఈ ఆరు రోజుల తేడా వేరే ఊళ్లకు చిన్నదే కావచ్చు, హనుమకొండకు కాదు. ధాన్యం, పత్తి, మిర్చి వ్యాపారం వరంగల్ వైపు ఎనుమాముల మార్కెట్‌ది. హనుమకొండది చదువుల గిరాకీ. కాకతీయ విశ్వవిద్యాలయం, కాజీపేట దారిలో నిట్, నయీంనగర్, కిషన్‌పుర సందుల్లో హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు. వాటిని నమ్ముకుని మెస్సులు, జిరాక్స్ దుకాణాలు, టిఫిన్ బండ్లు. లాక్‌డౌన్ సడలింపులు మే నుంచే మొదలయ్యాయి. పిల్లలు మాత్రం రాలేదు. తొమ్మిది, ఆపై తరగతులు 2021 ఫిబ్రవరి 1న తెరిచి, మార్చి 24న మళ్లీ మూశారు. ప్రత్యక్ష బోధన మళ్లీ మొదలైంది సెప్టెంబరు 1నే. అంటే షట్టరు ఎత్తిన తర్వాత కూడా ఏడాదికి పైగా గల్లా ఖాళీ. ఇది చాలదన్నట్టు 2020 ఆగస్టు వానలకు నయీంనగర్ నాలా పొంగి చుట్టుపక్కల కాలనీలు మునిగాయి.

ఇలాంటి ఊరికి సర్కారు ఇచ్చిన అప్పులు ఎంతవరకు సరిపోయాయన్నదే ఈ వ్యాసం ప్రశ్న. పథకాల మార్గదర్శకాలను పై తేదీల పక్కన పెట్టి చదవడమే పద్ధతి.

కేంద్రం 2020 మేలో రూ.3 లక్షల కోట్లతో అత్యవసర రుణ హామీ పథకం తెచ్చింది. ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకులో బాకీ ఉన్న వ్యాపారికి అందులో 20 శాతం అదనపు అప్పు. గడువు నాలుగేళ్లు, మొదటి ఏడాది అసలు కట్టక్కర్లేదు. బ్యాంకుకు 100 శాతం పూచీ కేంద్రానిదే. వద్దనుకున్నవారే ఆ మాట చెప్పాలి, మిగతావారికి అప్పు ముందే మంజూరైనట్టు లెక్క.

జూన్ 1న వీధి వ్యాపారుల కోసం పీఎం స్వనిధి మొదలైంది. రూ.10,000 వరకు, ఏడాదిలో నెల నెలా వాయిదాలు, 7 శాతం వడ్డీ రాయితీ, డిజిటల్ చెల్లింపులకు ఏడాదికి రూ.1,200 దాకా నగదు వాపసు. ఇక్కడ విరామం లేదు. పూచీకత్తు కూడా నిండుగా లేదు: ఎగవేతల్లో మొదటి 5 శాతం వరకే పూర్తి భరోసా, 5 నుంచి 15 శాతం దాకా 75 శాతం, ఆపైన బ్యాంకుదే భారం. కోట్లలో బాకీ ఉన్నవాడికి ఏడాది ఊపిరి, తోపుడు బండికి వచ్చే నెలే వాయిదా. బ్యాంకు మేనేజరు దేనికి ముందు సంతకం పెడతాడో ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

అలాగని స్వనిధిని తీసిపారేయలేం. దానికి పోటీ ఎవరో చూడాలి. మన దగ్గర గిరిగిరి ఫైనాన్స్ లెక్క ఉదాహరణకు ఇలా ఉంటుంది: చేతికి రూ.9,000 ఇచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు. వడ్డీ వెయ్యే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తగ్గుతూ పోతుంది కాబట్టి, ఏడాదికి లెక్కగడితే దాదాపు 78 శాతం. బ్యాంకు 12 శాతం వేసినా స్వనిధి పదివేలకు ఏడాది వడ్డీ రూ.660 దాటి కొంచెమే, అందులో సగానికి పైగా రాయితీగా తిరిగి వస్తుంది. కూరగాయలమ్మే ఆమెకు ఇది నిజమైన మేలు. ఎందుకంటే ఆమె గిరాకీ ఆగలేదు, పెట్టుబడే ఆగింది. కాలేజీ గేటు ముందు మిర్చి బండికి పెట్టుబడి ఇస్తే బజ్జీలు తినేదెవరు? ఆంధ్రప్రదేశ్ 2020 నవంబరు 25న మొదలుపెట్టిన జగనన్న తోడు వడ్డీ భారాన్నీ తానే మోసింది. అదీ అప్పే, గిరాకీ కాదు.

కేంద్రం తెచ్చిన ఆ రెండు పథకాల మధ్య జారిపోయినవాళ్లూ ఉన్నారు. చుట్టాల దగ్గర, చిట్టీల్లో డబ్బు తెచ్చి జిరాక్స్ మిషన్ కొన్నవాడు వీధి వ్యాపారి కాడు, బ్యాంకు బాకీదారూ కాడు. అప్పు లేకపోవడమే అనర్హత అయిన విచిత్రమిది. స్వనిధికి 2020 మార్చి 24 నాటికే వ్యాపారం చేస్తూ ఉండాలన్న షరతు మరొకటి. జీతం ఆగిపోయి, ఆ తర్వాత బండి పెట్టుకున్న ప్రైవేటు టీచరు ఈ తేదీ దగ్గరే ఆగిపోయాడు. ప్రైవేటు టీచర్లకు రాష్ట్రం నెలకు రూ.2,000, 25 కిలోల బియ్యం ప్రకటించింది 2021 ఏప్రిల్‌లో, బడులు మొదట మూసిన ఏడాది తర్వాత. అమెరికాలో 2020 మార్చి చట్టం ఇంకో దారి పట్టింది: ముఖ్యంగా జీతాలకు ఖర్చు చేస్తే అప్పు మాఫీ. మన చిల్లర దుకాణాల్లో పద్దుపుస్తకంలోకెక్కే జీతాలే తక్కువ, కాబట్టి ఆ దారి ఉన్నదున్నట్టు పనికిరాదు.

2025 ఆగస్టులో స్వనిధిని 2030 మార్చి 31 దాకా పొడిగించి, మొదటి విడతను రూ.15,000కు, రెండోదాన్ని రూ.25,000కు పెంచారు. మొత్తం పెంచడం మంచిదే. దానితోపాటు రాష్ట్రస్థాయి బ్యాంకర్ల సమితి మార్గదర్శకాల్లో ఒక్క వాక్యం చేర్పించాలి: సర్కారు ఉత్తర్వుతో గిరాకీ ఆగితే, అది తిరిగొచ్చేదాకా వాయిదా కూడా ఆగాలి.