బాల్య గణిత విద్య - తల్లిదండ్రుల దృక్పథం: 1823 బళ్లారి నివేదిక

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ పాఠశాలల వివరాలు కోరగా, బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ మరుసటి ఏడు ఆగస్టులో నివేదిక సమర్పించాడు. నేటి అనంతపురం ప్రాంతం అప్పుడు ఆ జిల్లాలోనిదే. మొత్తం 533 బడులలో 226 తెలుగు బడులు.

బిడ్డకు ఐదవ ఏడు రాగానే తల్లిదండ్రులు పంతులునూ బడిపిల్లలనూ ఇంటికి పిలిచి, వినాయకుని ఎదుట బియ్యంలో వేలితో దిద్దించేవారు. మర్నాటి నుండి బడి. ఇసుకలో అక్షరాలు, ఆపై ఎక్కాలు, కూడికలు, తీసివేతలు, నాణేల లెక్కలు, అధికభాగం కంఠస్థమే. ఈ బడులలో ఒక్కదానికీ సర్కారు సాయం లేదని కలెక్టరే సిగ్గుపడుతూ రాశాడు. పంతులు జీవనం ప్రధానంగా తల్లిదండ్రులు ఇచ్చుకున్న దానిమీదనే సాగింది. లెక్కల చదువు పట్ల వారి ఆదరణకు ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు.

అట్టి వారే పిల్లలను బడి మాన్పించసాగారు. విదేశీ వస్త్రాల రాకతో నేతపని దెబ్బతిన్నదనీ, లేత చేతులు పనికి అక్కరకు రాగానే పిల్లలను దింపుతున్నారనీ క్యాంప్‌బెల్ గుర్తించాడు. దీనిని తల్లిదండ్రుల అనాసక్తిగా లెక్కగట్టడం పొరపాటు. అయితే 6,641 మంది విద్యార్థులలో బాలికలు 60 మందే. కుమారుని చదువుకు సొమ్ము చెల్లించిన ఇల్లు కుమార్తెను పంపకపోవడానికి పేదరికం ఒక్కటే కారణమని చెప్పజాలము.