మకరసంక్రమణము మొదలు ఉగాది వఱకు: ఐనవోలు మల్లన్న జాతర

ఓరుగంటి నుండి ఖమ్మమునకు పోవు బాటలో పున్నేలు కడ ప్రక్కకు మరలిన యాత్రికునకు, కోతలు ముగిసిన వరిమళ్ళ నడుమ, కాకతీయ శిల్పుల పనితనము తెలుపు కీర్తితోరణములతోను బహుస్తంభ మండపముతోను గోచరించునదే ఐనవోలు మల్లికార్జునస్వామి ఆలయము. ఊరు చిన్నది. ఏడాదిలో అధికభాగము అక్కడ విననగునది పొలముపనుల సవ్వడియు, మందల మెడగంటల చప్పుడును మాత్రమే. అట్టి యూరు సంక్రాంతి వచ్చునప్పటికి లక్షలాది జనులకు నెలవై, భోగి మొదలు చైత్రశుద్ధ పాడ్యమి వఱకు, ఒకనాడు ఉప్పొంగుచు ఒకనాడు తగ్గుచు, పసుపువన్నె జాతరగా మాఱుచున్నది. తెలంగాణమున శీతకాలపు ఉత్సవములు పెక్కు గలవు గాని, ఇంత దీర్ఘముగా సాగునవి అరుదు.

ఈ జాతర కాలనిర్ణయమునందే ఒక విశేషము గలదు. దీని ఆరంభము సూర్యుడు మకరరాశి ప్రవేశించుటను బట్టి, అనగా సౌరమానమున. దీని ముగింపు ఉగాదిని బట్టి, అనగా చాంద్రమానమున. అధికమాసము వచ్చిపోవు కొలది ఉగాది ముందువెనుకలకు జరుగుచుండుటచే, జాతర ఒక యేడు రెండు నెలలకు కొంచె మెక్కువగాను, మఱియొక యేడు మూడు నెలలకు చేరువగాను సాగును. రాజాజ్ఞచే ఏర్పడిన ఉత్సవమునకు తిథివారములు బిగువుగా నుండును. ప్రజల పనిపాటల నడుమ పుట్టి పెరిగిన ఉత్సవమునకే ఇట్టి సడలిన ఎల్లలుండునని నా తలంపు. ఆ పనిపాటలేవో తెలిసికొననిదే జాతర చరిత్ర తెలియదు.

ఓరుగంటి ప్రాంతము చెరువుల దేశము. కాకతి గణపతిదేవుని కాలమున పాకాల, రామప్ప మొదలగు తటాకములు వెలసి, మెట్టసీమ మాగాణిగా మాఱినది. చెరువునీటి వరి మార్గశీర్ష పుష్యమాసములలో కోతకు వచ్చి, సంక్రాంతి నాటికి గింజ యిల్లు చేరును. అడవి అంచులందు, గుట్టల వాలులందు వానకాలమెల్ల మేపుకొని తిరిగిన గొల్ల కురుమల మందలు ఆ వేళకే కోసిన మళ్ళకు దిగివచ్చును. గొఱ్ఱెకు కొయ్యకాళ్ళ నడుమ మేత దొరకును. రైతు పొలమునకు ఎరువు దొరకును. రాత్రులు మంద పెట్టినందులకు కాపరికి ధాన్యము ముట్టును. కర్షకుడు, గొఱ్ఱెలకాపరి, ఇరువురి యొద్దను ఆ వేళ మిగులు సొమ్మును చూచి సరకు తెచ్చు వర్తకుడు: ఈ మువ్వురును ఒక్కచోట కలిసికొనుటకు ఏడాదిలో ఇంతకంటె అనువైన ఋతువు లేదు. ఐనవోలు జాతరకు పునాది ఈ కలయికయే యని నేను విశ్వసించుచున్నాను. దేవుడా కలయికకు సాక్షి.

మల్లన్న కథయే అందులకు తార్కాణము. ఒగ్గు కథకులు చెప్పు గాథలో మల్లన్న ఆదిరెడ్డికిని నీలమ్మకును పుట్టిన కాపుబిడ్డ. ఆయన చేపట్టిన భార్యలలో ఒకతె బలిజ మేడలమ్మ, వేఱొకతె గొల్ల కేతమ్మ. గర్భాలయమున కోఱమీసములతో, ఖడ్గ త్రిశూల డమరుకములు ధరించి కూర్చుండిన స్వామికి ఇరుప్రక్కల ఆ యిరువురు దేవేరులును దర్శనమిత్తురు. సేద్యము, వర్తకము, పశుపాలనము అను మూడు వృత్తుల వియ్యము నిట్లు దేవుని పెండ్లిగా చెప్పుకొన్న జనులు, తమ ఆర్థికజీవనమును శాస్త్రకారులకంటె స్పష్టముగా ఎఱిగినవారు.

కాకతీయయుగమున ఈ దైవము మైలారదేవుడను పేర ప్రసిద్ధుడు. ఆలయ నిర్మాణమును స్థలకథ అయ్యనదేవుడను మంత్రికి ముడిపెట్టి, ఊరిపేరును ఆయన పేరినుండియే వచ్చినదని చెప్పును. మైలారుని కొలుపును గుఱించి మనకు సజీవమైన సాక్ష్యమిచ్చునది వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామము. మంచనశర్మ, టిట్టిభసెట్టి అను ఇరువురు మిత్రులు ఓరుగంటి వీధులలో ఒక పగలెల్ల తిరుగుచు కన్నవానిని కన్నట్లు చెప్పు ఆ వీధినాటకమున, ఏకవీర గుడి, పల్నాటి వీరుల కథాగానము, పూటకూళ్ళ యిల్లు వీనితోపాటు మైలారదేవుని వీరభటులును కానవత్తురు. వారు మండు నిప్పులపై నడచుచు, ఒడలు జలదరింపజేయు సాహసములు చేయుచుండగా, గొరగపడుచు గొండ్లి యను నృత్యమాడుచుండును. పండితకవులు రాజాస్థానముల వర్ణనలలో మునిగియున్న కాలమున, వీధిలోని సామాన్యుల వేడుకను ఇంత శ్రద్ధతో నిలిపిన కావ్యము మన వాఙ్మయమున మఱియొకటి కలదా యని నాకు సందేహము. అంతకు ముందే, ఓరుగంటికి చేరువ పాలకుర్తికి చెందిన సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున శ్రీశైల శివరాత్రి యాత్రను వర్ణించుచు, త్రోవ పొడుగున ఆడిపాడినవారిని, బొమ్మలాటలవారిని వదలక పేర్కొన్నాడు; ఈ సీమ కవులకు జాతర యన్న చూపు నిలుచునట్టిదని తెలియుచున్నది. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రమున క్రీడాభిరామమును ఒక సాంఘిక పత్రముగా చదివి చూపిన పిమ్మట, ఇట్టి ఉత్సవములకు మన చరిత్రరచనలో స్థానము దొరకినది.

మైలారుడు ఒక్క ఓరుగంటి దైవము కాడు. మహారాష్ట్రమున జేజూరి కొండపై ఖండోబా యనియు, కన్నడసీమలో మైలారలింగేశ్వరుడనియు కొలువబడువాడు ఈయనయే. ఖండోబాకును ఇరువురు భార్యలు; వారిలో బానాయి గొఱ్ఱెలకాపరుల బిడ్డ. అచ్చటి భక్తులును పసుపుపొడిని బండారముగా చల్లుకొందురు. మన బండారియు అదియే. జేజూరిలో మార్గశీర్షమున చంపాషష్ఠికి, ఐనవోలులో సంక్రాంతికి, కర్ణాటక మైలారమున మాఘ పూర్ణిమకు ఉత్సవము. మూడు భాషల నేలలందును ఒక దైవమునకే జరుగు ఈ వేడుకలు శీతకాలముననే పడుట కాకతాళీయము కాదు. దక్కను పీఠభూమి యంతటను పంట చేతికందు వేళయు, మందలు మళ్ళలోనికి దిగు వేళయు అదియే.

1323లో ఓరుగల్లు పతనమైన తరువాత రెండు మూడు శతాబ్దుల చరిత్రము జాతర విషయమున మాటాడదు. అప్పుడు ఓరుగంటి నేలిన షితాబుఖాను 1504 నాటి శాసనము మాత్రము, పెకలింపబడిన కాకతమ్మను, పాంచాలరాయని ఆయన తిరిగి ప్రతిష్ఠించినట్లు చెప్పుచున్నది. కోటలోని దేవతలకు రాజు అండ తెగిన కాలమున వారి కొలుపులును ఆగినవనుటకు ఇది నిదర్శనము. ఊరి దేవుళ్ళ కొలుపు అట్టి అండపై నిలిచినది కాదు గనుక దానితో తెగుటయు లేదు. కుతుబ్‌షాహీలు వచ్చిరి, మొగలులు వచ్చిరి, 1724లో ఆసఫ్‌జాహీల యేలుబడి ఆరంభమైనది. మల్లన్న పట్నములు వేయు ఒగ్గువారు మాత్రము తమ కథను తండ్రినుండి కొడుకునకు అప్పగించుచునే యుండిరి.

ఈ ఒగ్గువారిని గుఱించి ఒకింత నిలిచి చెప్పవలసియున్నది. ఒగ్గు అనునది డమరుకమువంటి వాద్యము. దానిని చేతబూనిన కురుమ కులపు పూజారియే ఒగ్గు పూజారి. ఆలయమున అర్చకులు జరుపు అభిషేకార్చనలు ఒక ప్రవాహమైన, ప్రాకారమున వీరు జరుపు కొలుపు వేఱొక ప్రవాహము. మ్రొక్కు తీర్చుకొను భక్తునకు రెండును కావలయును. పసుపు, కుంకుమ, బియ్యపుపిండి, ఎండిన ఆకుల పొడి వ్రేళ్ళసందున జారవిడుచుచు నేలపై వీరు వేయు రంగుల ముగ్గునకు పట్నమని పేరు. ఆ పట్నముపై మల్లన్న కల్యాణము పాటగా జరుగును. కథ ముగియగనే భక్తులు ఆ రంగులపొడిని ఎత్తి నుదుట పెట్టుకొని, కొంగున ముడివేసికొందురు. గంటల తరబడి వేసిన చిత్రమును క్షణములో చెఱిపి ప్రసాదముగా పంచుకొను ఈ కళ నిలుచుటకు తావు చేతివ్రేళ్ళు, జ్ఞాపకము మాత్రమే. డోలు, నపీరి, తాళములు తోడుగా ప్రధాన కథకుడు ఒకప్పుడు మల్లన్నయై, ఒకప్పుడు కేతమ్మయై, ఒకప్పుడు వట్టి చూపరియై మాటాడుచుండగా వంతపాటవాడు ఊకొట్టుచు ప్రశ్నించుచుండును. జనగామ ప్రాంతమునకు చెందిన చుక్క సత్తయ్య ఈ కళను పల్లె ప్రాకారములనుండి దేశపు వేదికలపైకి గొనిపోయెను. 2017లో ఆయన కీర్తిశేషుడయ్యెను. ఓరుగంటి సీమయందే దేవనూరున జన్మించిన బిరుదురాజు రామరాజుగారు 1958లో వెలువడిన తెలుగు జానపదగేయ సాహిత్యమున ఇట్టి పాటలకు విశ్వవిద్యాలయ ద్వారములు తెఱచిరి.

నిజాము కాలమున జాతర రూపమును మార్చినవి రెండు. మొదటిది రైలు. 1886లో హైదరాబాదు దిక్కునుండి ఓరుగంటికి చేరిన రైలుదారి 1889లో బెజవాడ వఱకు సాగినది. అంతవఱకు ఎడ్లబండి నడక నిర్ణయించిన జాతర పరిధి దానితో విస్తరిల్లినది. రెండవది 1934లో ఓరుగంట వెలసిన ఆజంజాహి మిల్లు. పల్లెలనుండి మిల్లుపనికి వచ్చినవారు పండుగసెలవులకు మల్లన్నకడకు మరలునప్పుడు, పొలముపంటకు బదులు నెలజీతము తెచ్చిరి. గొంగళ్ళు, గంటలు, గాజులు, చక్కెరచిలుకలు, పేలాలు అమ్ము అంగళ్ళ సరసన పట్టణపు సరకు చేరినది. భూస్వాముల ప్రాబల్యమునకు కూడ జాతర అద్దము పట్టినది. సంక్రాంతినాటి రాత్రి ఆలయము చుట్టు తిరుగు పెద్దబండి ఊరిపెద్దల యింటినుండి బయలుదేరు వాడుక ఆనాటిదే. ఇప్పటికిని అది వెడలినపిమ్మటనే తక్కిన ప్రభబండ్లు కదలును.

ఆ పెత్తనమును ప్రశ్నించిన గాలియు ఈ సీమలోనే లేచినది. 1946 జూలై 4న కడవెండిలో నేలకొరిగిన దొడ్డి కొమురయ్య కురుమల బిడ్డ. అటుపిమ్మటి తెలంగాణ సాయుధపోరాటమున సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను ప్రజల బాధలు చెప్పు కథలుగా మలచెను. జాతరలో దేవుని గొలిచిన వరుసలే దొరను నిలదీసినవి. ఆ పాటలు పుట్టినచోటు ఎఱుగని చరిత్రకారునకు తెలంగాణ పోరాటమున పాటకు గల బలము ఎన్నటికిని బోధపడదు.

1966 నాటి దేవాదాయశాసనము తరువాత ఆలయపు జమాఖర్చులు, వసతులు ప్రభుత్వాధికారుల పాలై, రోడ్డు, బస్సు, విద్యుద్దీపము వచ్చి, జాతర నేటి రూపము దాల్చినది. ఓరుగంటి సీమ జాతరలలో మేడారమునకు 1996లో రాష్ట్ర పండుగ గౌరవము దక్కినది. అది రెండేండ్లకొకసారి మాఘమున జరుగు వనజాతర గనుక దాని తీరు వేఱు. ఐనవోలునకు నిజమైన తోబుట్టువులు కొత్తకొండ, కొమురవెల్లి. సంక్రాంతికే జరుగు కొత్తకొండ వీరభద్రుని జాతరకు ఎడ్లబండ్ల రథములతోపాటు మేకలు లాగు చిన్నబండ్లును వచ్చును. గుమ్మడికాయలు, కోఱమీసములు స్వామికి కానుకలు. కొమురవెల్లిలో సంక్రాంతి తరువాతి ఆదివారము పట్నంవారమని, దాని మఱుసటిది లష్కరువారమని పేరు. హైదరాబాదు సికింద్రాబాదుల జనులు పంచుకొన్న వారములివి. 2016లో పాత వరంగల్లు జిల్లా విడిపోగా కొమురవెల్లి సిద్దిపేటకు చేరినది, ఐనవోలు తానే మండలకేంద్రమై 2021 నుండి హనుమకొండ జిల్లాలో నున్నది. కొలుచువారికి ఆ ఎల్లలతో పని లేదు. ఒక కుటుంబమే ఒక యేడు ఇచ్చట పట్నము వేయించి, మఱుయేడు అచ్చట బోనము పెట్టును.

భోగినాడు ప్రాతఃకాలముననే బోనములు బయలుదేరును. క్రొత్తకుండకు సున్నము పసుపు పూసి, క్రొత్తబియ్యము వండి, పైన దీపము నిలిపి తలపై నెత్తుకొన్న స్త్రీలు వరుసలుగట్టి ప్రదక్షిణము చేయుదురు. డోలుదెబ్బ హెచ్చినకొలది స్వామి పూనిన శివసత్తులు జుట్టు విరబోసికొని శిగమూగుదురు. బండారి గాలిలో లేచి మనుష్యులు, స్తంభములు, ఎడ్ల కొమ్ములు ఒక్క వన్నె యగును. దేవునికిచ్చిన మాట పిల్లవాని పుట్టువెండ్రుకలు కావచ్చును, గొఱ్ఱెమంద రోగము బాపినందులకు పట్నము కావచ్చును. దానిని తీర్చువఱకు ఆ యింట వేఱొక శుభకార్యము తలపెట్టరు.

నేడు నన్ను మిక్కిలి కలవరపెట్టునది జనము తగ్గుట కాదు, జనము పెరిగినది. తగ్గినది సమయము. ఒకప్పుడు బండ్లు విప్పి, చెట్లక్రింద వండుకొని, రెండు మూడు రాత్రులుండి కథ మొదటినుండి తుదివఱకు విన్నవారి మనుమలు ఉదయము వచ్చి సాయంకాలమునకు మరలుచున్నారు. వారి కొఱకు ఒగ్గువారు రాత్రులకొలది సాగు కథను గంటలోనికి కుదించుచున్నారు. ధ్వనివర్ధకముల హోరులో ఆ గంటయు చక్కగా వినరాదు. నల్లగొఱ్ఱె తగ్గి ఉన్ని నీయని ఎఱ్ఱగొఱ్ఱె పెరిగినందున ఉన్ని కఱవై, గొంగళ్ళ అంగళ్ళును పలుచబడినవి. కథకుల పెద్దతరమున సంపూర్ణ కథ ఎఱిగినవారు ఇంకను ఉన్నారు. ఇటీవల సురవరం ప్రతాపరెడ్డిగారి పేరు దాల్చిన తెలుగు విశ్వవిద్యాలయమునకు ఓరుగంటనే జానపద గిరిజన విజ్ఞానపీఠము గలదు. ఆ పీఠమువారు ఒక్క సంక్రాంతి మొదలు ఉగాది వఱకు ఐనవోలున మకాము పెట్టి, ఒక్కొక్క కథకుని నోట మల్లన్నకథను అన్ని రాత్రులును చెప్పించి, పాఠభేదములతో, వాద్యముల వరుసలతో, పట్నముల పటములతో సహా గ్రంథస్థము చేయించినచో, క్రీడాభిరామము ఒక్క పగలు చూపి విడిచిన దానికి తరువాయి మనకు దొరకును.